ఛాయాచిత్రం, స్మృతి, సంకేతం: కోనసీమలో అంబేడ్కర్ చిత్రం – ‘కోడ్’ భావనలోని అర్థభేదాలు

వ్యాససంగ్రహం:
‘కోడ్’ అనే మాటకు తెలుగులో సంకేతం, నియమావళి, స్మృతి, సంహిత అనే వేర్వేరు పదాలు వాడుకలో ఉన్నాయి. ఈ అర్థాలన్నీ కలిసే సందర్భాలలో కోనసీమలోని అంబేడ్కర్ చిత్రం ఒకటి. వలసకాలపు కులచిత్రాలు, అంబేడ్కర్ చిత్రరూపం, 2022 నాటి జిల్లా నామకరణ వివాదం అనే మూడు దశలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఛాయాచిత్రపు అర్థాన్ని నిర్ణయించేది చిత్రంలోని వస్తువులు మాత్రమే కావని, దాన్ని చదివే అధికారం ఎవరిదన్నది కూడా అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, అంబేడ్కర్, ఛాయాచిత్రం, సంకేతం, స్మృతి, సాక్ష్యం.

1. ఉపోద్ఘాతం:
ఛాయాచిత్రం సంకేతం లేని సందేశమని ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1961లో ప్రతిపాదించాడు. భాషలో ‘చెట్టు’ అనే శబ్దానికీ చెట్టుకూ నడుమ ఒక ఒప్పందం ఉంది. ఛాయాచిత్రంలో అలాంటి ఒప్పందం అవసరం లేదు; వస్తువు మీద పడిన వెలుగే చిత్రమవుతుంది. అయితే భంగిమ, వస్త్రం, చేతిలోని వస్తువు, చిత్రం కింది వాక్యం వంటివి దానికి మరో అర్థాన్ని చేరుస్తాయని కూడా ఆయనే వివరించాడు. మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ఛాయాచిత్రపు వాచ్యార్థానికి సంకేతం అక్కరలేదు. వ్యంగ్యార్థం మాత్రం సంకేతాల మీదనే ఆధారపడుతుంది. ఆ సంకేతాలను రూపొందించేదెవరు, చదివేదెవరు అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ‘కోడ్’ – తెలుగు పదాలు:
‘కోడ్’కు మూలం లాటిన్ ‘కోడెక్స్’. చెట్టు మొద్దును సూచించిన ఆ పదం క్రమంగా రాతపలకలకు, గ్రంథానికి, శాసన సంకలనానికి పేరైంది. తెలుగు ఈ అర్థాలను వేర్వేరు పదాలకు పంచింది. పీనల్ కోడ్ ‘శిక్షాస్మృతి’ అయింది. ఎన్నికల కోడ్ ‘ప్రవర్తనా నియమావళి’ అయింది. 2023 నాటి కొత్త చట్టానికి ‘న్యాయ సంహిత’ అని పేరు పెట్టారు. వీటిలో ‘స్మృతి’ ప్రత్యేకమైనది. అది శాసనమూ, జ్ఞాపకమూ కూడా. ఛాయాచిత్రాన్ని జ్ఞాపకంగా దాచుకోవడం లోకరీతి. అదే చిత్రం శాసనంతో ఎలా తలపడుతుందో కోనసీమ చరిత్ర చూపుతుంది.

3. పేరు లేని ముఖాలు:
మద్రాసు ప్రభుత్వ మ్యూజియం పర్యవేక్షకుడు ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలను 1909లో వెలువరించాడు. అప్పుడు మద్రాసు రాజధానిలో భాగమైన గోదావరి మండలంలోని మాల, మాదిగ కులాలు కూడా ఆ వర్గీకరణలో చేరాయి. ఆ సంపుటాలలోని చాలా చిత్రాల కింద కనిపించేది వ్యక్తి పేరు కాదు, కులం పేరు. వస్త్రం, ఆభరణం, ముక్కు కొలత కులాన్ని గుర్తించే ఆనవాళ్లయ్యాయి. కెమెరా ముందు నిలిచిన మనిషి తనను తాను వివరించుకోలేదు. అతని అర్థాన్ని గ్రంథకర్తే రాశాడు.

ఈ దృష్టికి దేశీయమైన పూర్వరూపం కూడా ఉంది. మనుస్మృతి పదవ అధ్యాయం చండాలురకు శవాల మీది వస్త్రాలను, ఇనుప నగలను నిర్దేశించింది. అంటే స్మృతి అనే కోడ్ వస్త్రాన్ని కులసంకేతంగా మార్చింది. వలసకాలపు కెమెరా కూడా మనిషిని వస్త్రంతో, ఆభరణంతో, కొలతతో కులానికి గుర్తుగా నిలిపింది.

4. కోటు, పుస్తకం, చూపుడువేలు:
అంబేడ్కర్ 1927 డిసెంబరు 25న మహాడ్‌లో మనుస్మృతిని దహనం చేశారు. 1951లో కేంద్ర మంత్రిమండలి నుంచి రాజీనామా చేయడానికి హిందూ కోడ్ బిల్లు ఆగిపోవడం ఒక ముఖ్యకారణం. ఒక కోడ్‌ను తగలబెట్టి, మరో కోడ్ కోసం పదవిని వదులుకున్న ఈ నాయకుని చిత్రంలో ఆ చరిత్రంతా వస్తువులుగా ఇమిడింది. కోటు, టై నిర్దేశిత వస్త్రానికి తిరస్కారం. కాళ్లకున్న బూట్లు ఊరివీధిలో చెప్పులు విప్పించిన ఆచారానికి జవాబు. జేబులోని కలం, చేతిలోని రాజ్యాంగం చదువు మీది నిషేధానికి సమాధానం. 1967 ఏప్రిల్ 2న పార్లమెంటు ఆవరణలో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆవిష్కరించిన కంచు విగ్రహంలోనూ పుస్తకం, చూపుడువేలు ఉన్నాయి. నలుపు తెలుపు ఛాయాచిత్రాలలో లేని నీలం మాత్రం అచ్చు పటాలలో, విగ్రహాలకు వేసిన రంగులలో చేరింది. 1942లో ఏర్పడిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా రంగు కూడా నీలమే.

ఈ సంకేతాలను చదవగల నేల కోనసీమలో ముందే సిద్ధమైంది. మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో చదువుతో ఎదిగిన పాలేరును రంగస్థలం మీదికి తెచ్చారు. కందికుప్పలో 1939లో జన్మించిన బొజ్జా తారకం న్యాయవాదిగా, రచయితగా అంబేడ్కర్ ఆలోచనను ఉద్యమాలలోకి తీసుకువెళ్లారు. 1985 నాటి కారంచేడు మారణకాండ తరువాత ఏర్పడిన దళిత మహాసభ నాయకులలో ఆయన ఒకరు. 1991లో చుండూరు ఘటన, అంబేడ్కర్ శతజయంతి ఒకే ఏట వచ్చాయి. ఆ దశకంలో తెలుగు పల్లెల్లో విగ్రహాలు విస్తరించాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పేట మొదట నిలిచిన విగ్రహానికి ఏప్రిల్ 14న, డిసెంబరు 6న పూలమాలలు పడతాయి. థర్‌స్టన్ చిత్రాల్లో మనిషికి పేరు లేదు. ఇక్కడ పేరే మొదటి అర్థం.

5. పేట నుండి పటానికి:
2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం మే 18న ప్రాథమిక ప్రకటన జారీచేసి అభ్యంతరాలను ఆహ్వానించింది. కోనసీమ అనే పేరునే కొనసాగించాలన్నది వ్యతిరేకించినవారి వాదన. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారింది. ఒక మంత్రి, ఒక శాసనసభ్యుడి ఇళ్లకు నిప్పు పెట్టారు. జూన్ 24న మంత్రిమండలి ‘డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ’ పేరును ఆమోదించింది.

వ్యక్తుల పేర్లు జిల్లాలకు పెట్టడం రాష్ట్రంలో కొత్త కాదు. పొట్టి శ్రీరాములు, అల్లూరి సీతారామరాజు పేర్లతో జిల్లాలున్నాయి. కాబట్టి వివాదాన్ని పేరు మార్పుగా మాత్రమే చూడడం చాలదు. పేట మొదటి విగ్రహాన్ని ‘వారి’ చిహ్నంగా చదివి పక్కకు తప్పుకొనే వీలు ఇతరులకు ఉండేది. జిల్లా పేరు ప్రతి ఇంటి చిరునామాలో, ప్రతి ధ్రువపత్రంలో చేరుతుంది. సంకేతం మారలేదు, అది నిలిచే చోటు మారింది. చోటు మారడంతో, అది అందరిదా కొందరిదా అన్న ప్రశ్న బయటపడింది.

6. సాక్ష్యంగా ఛాయాచిత్రం:
ఘటన తరువాత పట్టణంలో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ విధించి, ఇంటర్నెట్ సేవలు నిలిపివేశారు. సీసీ కెమెరా దృశ్యాలు, వీడియోల ఆధారంగా పోలీసులు నిందితులను గుర్తించసాగారు. ఇక్కడ ‘కోడ్’ మరో రెండు అర్థాలను పొందింది. మొదటిది చట్టానిది. 2000లో సాక్ష్య చట్టానికి చేర్చిన 65బి సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు ధ్రువపత్రం కావాలి. అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు దీన్ని పునరుద్ఘాటించింది. రెండవది గణితానిది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువను నమోదు చేయాలి. చిత్రంలో ఒక్క బిందువు మారినా ఆ విలువ మారుతుంది. బార్త్ దృష్టిలో సంకేతం అక్కరలేని చిత్రం, న్యాయస్థానంలో సంకేతసంఖ్య తోడు లేకుండా నిలవడం కష్టం.

అయితే హ్యాష్ విలువ నిరూపించేది ఫైలు మారలేదన్న విషయం మాత్రమే. గుంపులో కనిపించిన ముఖం నేరస్థునిదా, దారిన పోయినవానిదా అన్నది అది చెప్పదు. ముఖానికి అర్థం చెప్పే అధికారం ఒకప్పుడు గ్రంథకర్తది, ఇప్పుడు దర్యాప్తు అధికారిది. అందుకే విచారణలో నిందితుని మాటకు చోటు తప్పనిసరి.

7. ముగింపు:
వలసకాలపు చిత్రం మనిషిని కులానికి ఉదాహరణగా చూపింది. అంబేడ్కర్ చిత్రం ఆ చదువరితనాన్ని తిరగరాసి, చూపబడినవారికే చదివే హక్కునిచ్చింది. 2022లో ఆ హక్కు ఊరంతటి చిరునామాలోకి రావడం ఘర్షణకు దారితీసింది. ఆ ఘర్షణకు సాక్షిగా మళ్లీ కెమెరాయే నిలిచింది. సంకేతం, నియమం, స్మృతి, సంఖ్య అనేవి ఒకే పదానికి పర్యాయాలుగా కనిపించినా, చరిత్రలో అవి పరస్పరం తలపడే శక్తులు. జ్ఞాపకమనే అర్థంలో స్మృతి, శాసనమనే అర్థంలో స్మృతిని ప్రశ్నించిన చోటు కోనసీమలోని పేట మొదటి ఆ చిత్రం.