తెలుగునాట అలైంగికత, అవివాహిత జీవితం

ఎవరి పట్లా లైంగిక ఆకర్షణ కలగకపోవడాన్ని అలైంగికత అంటారు. అలాంటివారు తమను ఏసెక్సువల్ అనీ, క్లుప్తంగా ఏస్ అనీ చెప్పుకుంటున్నారు. బ్రహ్మచర్యం కోరికను అదుపులో పెట్టుకునే నియమం. అలైంగికతలో అదుపు చేయాల్సిన కోరికే ఉండదు. పెళ్లి వద్దనుకుని నిశ్చింతగా ఒక్కరే బతకడం ఈ రెంటికీ చెందని మూడో సంగతి. ఒంటరిగా ఉన్నవారంతా అలైంగికులు కారు. అలైంగికుల్లో తోడు కావాలనుకునేవారు, ప్రేమలో పడేవారు, పెళ్లాడి పిల్లల్ని కన్నవారు కూడా ఉన్నారు. తెలుగిళ్లలో మాత్రం వీళ్లందరికీ చాలాకాలం ఎదురైంది ఒకే ప్రశ్న: “పప్పన్నం ఎప్పుడు పెడతావు?”

పెళ్లి చేసుకోనివారు తెలుగు సమాజానికి కొత్త కాదు. రామాయణం రాసిన మొల్ల పెళ్లాడలేదని జనశ్రుతి. గాంధేయవాది వావిలాల గోపాలకృష్ణయ్య జీవితమంతా అవివాహితుడిగానే ఉండి ప్రజాజీవితంలో గడిపారు. ఇలాంటివారికి గౌరవం దక్కింది, కానీ దానికో షరతు ఉంది. దేవుడికో దేశానికో కళకో అంకితమయ్యారు కాబట్టి పెళ్లి మానుకున్నారని లోకం సమాధానపడాలి. ఏ గొప్ప కారణమూ లేకుండా, “నాకు అక్కర్లేదు, అంతే” అన్న మామూలు గుమస్తాకో టీచరుకో ఆ గౌరవం దక్కలేదు. ముదురు బెండకాయ అన్న వెక్కిరింత వాళ్ల వాటాకొచ్చింది. ఆనాటి అవివాహితుల్లో అలైంగికులు ఎవరో ఇప్పుడు తేల్చబూనడం సరికాదు. చెప్పాల్సినవాళ్లు చెప్పకుండానే వెళ్లిపోయారు, వాళ్ల తరఫున మనం పేరు పెట్టకూడదు.

శాస్త్ర ప్రపంచం ఈ విషయాన్ని పట్టించుకోవడానికీ చాలా కాలమే పట్టింది. అమెరికాలో లైంగికతపై పరిశోధించిన ఆల్ఫ్రెడ్ కిన్సే 1948లో తన లైంగిక అభిరుచుల కొలబద్దలో ఇమడనివారిని ‘ఎక్స్’ అనే గడిలో పెట్టి ముందుకు సాగిపోయాడు. అదే దేశానికి చెందిన డేవిడ్ జే 2001లో అలైంగికుల కోసం ఏవెన్ అనే ఆన్‌లైన్ వేదికను స్థాపించాడు. కెనడా మనస్తత్వవేత్త ఆంథొనీ బోగార్ట్ 2004లో బ్రిటన్ సర్వే వివరాలను పరిశీలించి, సుమారు ఒక శాతం మంది తమకు ఎవరి పట్లా లైంగిక ఆకర్షణ కలగలేదని చెప్పినట్టు చూపించాడు. నలుపు, బూడిద, తెలుపు, ఊదా చారలతో అలైంగికుల జెండా 2010లో వచ్చింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ఒక మినహాయింపు చేర్చింది: తాను అలైంగికుణ్ణని చెప్పుకునే మనిషికి కోరిక లేకపోవడాన్ని రుగ్మతగా రాయకూడదు. “పెళ్లయితే అంతా సర్దుకుంటుంది” అన్న సలహా ఇంటింటా వినిపించే చోట ఈ ఒక్క వాక్యానికి చాలా విలువ ఉంది.

మన దేశంలో ఈ మాట అత్యున్నత న్యాయస్థానం తీర్పులోకి ఎక్కింది 2014 ఏప్రిల్ 15న. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై నల్సా కేసులో సుప్రీంకోర్టు లైంగిక అభిరుచిని వివరిస్తూ, ఇతరులతో పాటు ఏసెక్సువల్ అనే మాటనూ చేర్చింది. అలైంగికుల కోసం ఇండియన్ ఏసెస్ అనే సమూహాన్ని నడిపిన ఢిల్లీ వైద్యురాలు డాక్టర్ ప్రగతి సింగ్ 2019లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో చోటు పొందారు. హైదరాబాద్‌లో లైంగిక అల్పసంఖ్యాకుల తొలి ప్రైడ్ యాత్ర 2013 ఫిబ్రవరిలో జరిగింది.

అయితే తెలుగువాళ్లు అంతకన్నా ముందే, ఈ పేరేమీ లేకుండానే, అసలు విషయాన్ని కోర్టులో తేల్చుకున్నారు. 1975 డిసెంబరులో తిరుపతిలో పదహారేళ్ల బడిపిల్లకు పెళ్లయింది. ఆ జంట దాదాపు వెంటనే విడిపోయింది. ఆ అమ్మాయి తర్వాత సినీ నటి సరితగా పేరు తెచ్చుకున్నారు. కొన్నేళ్లకు భర్త కడప కోర్టులో హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద దావా వేశాడు. భార్య తనతో కాపురం చేయాలని కోర్టు ఆదేశించాలన్నది ఆ దావా. కేసు హైదరాబాద్‌లోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది. 1983 జూలై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. తన శరీరాన్ని ఎవరితో, ఎప్పుడు పంచుకోవాలో తేల్చుకునే హక్కు మనిషిదేననీ, ఆ నిర్ణయాన్ని ప్రభుత్వం లాక్కుంటే ఏకాంతానికీ గౌరవానికీ అంతకు మించిన భంగం లేదనీ ఆయన తీర్పు సారాంశం. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. ఈ చరిత్రలో మనవాళ్లు తలెత్తుకుని చెప్పుకోదగ్గ ఘట్టం సరిత కేసు తీర్పే. కాపురం వద్దనడానికి కారణం ఏదైనా కావచ్చు, వద్దనే మాటకు మాత్రం విలువ ఉండాలని ఆ తీర్పు చెప్పింది.

దీని వేరు ఇంకా వెనక్కి వెళ్తుంది. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి, రాజమండ్రివాడైన జస్టిస్ కోకా సుబ్బారావు, వ్యక్తిగత గోప్యత స్వేచ్ఛలో భాగమని భిన్నాభిప్రాయం రాశారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన వైపే మొగ్గింది. అయినా పెళ్లి లోపల అలైంగికుల పరిస్థితి ఇంకా చిక్కుగానే ఉంది. సరైన కారణం లేకుండా చాలాకాలం దాంపత్య సుఖం నిరాకరించడం మానసిక క్రూరత్వం కావచ్చని 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి అది ఆ మనిషి తీరే అయితే దాన్ని క్రూరత్వం అనడం ఎంతవరకు న్యాయం? పెద్దల పోరు పడలేక తలవంచి పీటల మీద కూర్చున్నవాళ్లకు, వాళ్లను నమ్మి పెళ్లాడినవాళ్లకు కూడా జరిగే అన్యాయం ఇక్కడే మొదలవుతుంది.

ప్రభుత్వం ఒంటరి మనిషిని గుర్తించింది మరో దారిలో. 2011 జనగణన ప్రకారం దేశంలో భర్త చనిపోయిన, విడిపోయిన, అవివాహిత స్త్రీలు సుమారు 7.14 కోట్లు. 2001లో ఈ సంఖ్య 5.12 కోట్లు. తెలంగాణ 2017లో ఆసరా పథకంలో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టి, 2019లో 2,016కి పెంచింది. భర్త నుంచి విడిపోయినవారితో పాటు పెళ్లి కాని స్త్రీలకూ ఇందులో చోటిచ్చారు. పెళ్లి కానివారికి పల్లెలో 30 ఏళ్లు, పట్టణంలో 35 ఏళ్లు దాటాలన్నది షరతు. పేదరికానికి ఆసరాగా పెట్టిన పథకమే అయినా, పెళ్లి కాలేదన్న మాట సిగ్గుపడకుండా దరఖాస్తులో రాయగల వివరంగా మారింది. అది చిన్న మార్పు కాదు.

ఉప్పల్, నాచారం మధ్య ఉన్న చిల్కానగర్ లాంటి కాలనీల్లో ఈ మార్పు ఎంతదాకా వచ్చిందో ఇంటి వేటలో తెలుస్తుంది. నాచారం పారిశ్రామికవాడ, ఉప్పల్ ఐటీ కార్యాలయాలు, హబ్సిగూడ వైపు పరిశోధన సంస్థలు సొంత సంపాదనతో ఒక్కరే బతకగలవారిని ఈ ప్రాంతానికి తెస్తున్నాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడవడంతో రాకపోకలూ సులువయ్యాయి. కానీ గేటుకు వేలాడే టులెట్ బోర్డు మీద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని ఉంటుంది. ఒక్కతే వచ్చి ఇల్లు చూసే ఆవిడను ఓనరు మొదట అడిగేది అడ్వాన్సు గురించి కాదు, “మీ ఆయన ఎక్కడ చేస్తారమ్మా?” అని. పెళ్లి కాలేదంటే పైపోర్షన్ ఎవరో మాట్లాడేసుకున్నారన్న జవాబు వస్తుంది. నెలనెలా ఠంచనుగా అద్దె కట్టగల మనిషి హాస్టల్ గదిలో నలభయ్యో ఏడు దాటడం న్యాయం కాదు.

అచ్చులో లైంగిక విషయాలు బిడియం లేకుండా చర్చించే అలవాటును తెలుగు పాఠకులకు చేసినవారిలో డాక్టర్ జి. సమరం ముఖ్యులు. సినిమా అంత దూరం రాలేదు. 2020 డిసెంబరు 25న విడుదలైన ‘సోలో బ్రతుకే సో బెటర్’ పెళ్లి వద్దనే యువకుణ్ణి నాయకుణ్ణి చేసి, చివరికి అతణ్ణీ ప్రేమ దారికే తెచ్చింది.

ఒక్కరే బతికేవారికి పిల్లలు కావాలంటే చట్టాలు ఒకదానితో ఒకటి పొసగవు. దత్తత ఒంటరివారికీ సాధ్యమే, కాకపోతే జువైనల్ జస్టిస్ చట్టం కింద ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం 21 నుంచి 50 ఏళ్ల లోపు స్త్రీకి పెళ్లితో పనిలేకుండా ఐవీఎఫ్ వంటి చికిత్సలను అనుమతించింది. అదే ఏడాది వచ్చిన సరోగసీ చట్టం ఒంటరి స్త్రీలలో వితంతువులకు, విడాకులు పొందినవారికి తప్ప, అసలు పెళ్లే చేసుకోని స్త్రీకి చోటివ్వలేదు.