కలమళ్ల రాయి నుంచి కంప్యూటరు తెర దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించి, కోటల గురించి రాసేవారు మనలో ఎలాగూ ఉన్నారు. అందుకని ముప్పై నాలుగేళ్లు నాకు అన్నం పెట్టిన అక్షరం గురించి రాద్దామనుకున్నాను. రాతి మీది అక్షరం తాటాకు మీదికి, కాగితం మీదికి వచ్చిన కథ చాలామందికి తెలుసు. కంప్యూటరు తెర మీదికి ఎలా వచ్చిందన్నది మన కాలంలోనే జరిగినా మనం పట్టించుకోలేదు. దానివల్ల మన సంఘం కొంత నష్టపోయింది కూడా. ఆ సంగతి ముందుకు పోయాక చెబుతాను.

అక్షరం విషయంలో మన సీమది చిన్న వారసత్వం కాదు. కర్నూలు జిల్లాలో పత్తికొండ, గుత్తిల మధ్యనున్న ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుని శాసనాలున్నాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటివి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. అక్కడి చిన్న శాసనంలో ఒక విచిత్రముంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి నడిస్తే, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, మడక కట్టిన ఎద్దులు చాలు చివర మళ్లుకొని వచ్చినట్టు. ఇక కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో రేనాటి చోళరాజు ధనంజయుని శాసనం ఉంది. క్రీ.శ. 575 ప్రాంతంలో వేసిన ఆ శాసనమే ఇంతవరకు దొరికిన వాటిలో తొలి తెలుగు శాసనమని పండితుల మాట.

1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర తాళపత్ర గ్రంథాలను వెతికించి తెప్పించాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు పక్కపక్కన పెట్టించి, పండితులకు జీతాలిచ్చి సరిచూపించాడు. లేఖకుల చేతిరాతలు పలు విధాలు. ఒకరి రాత గుండ్రం, ఒకరిది కోల. కానీ ఆ రాతల వెనుక ఉన్న పాఠం ఒక్కటే. బ్రౌన్ పండితులు వెతికింది ఆ పాఠాన్ని. రాత వేరు, పాఠం వేరు అన్న ఈ మాటను దయచేసి గుర్తుంచుకోండి. కంప్యూటరు కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. నేను 1974లో ఉద్యోగంలో చేరేనాటికి మా ఆఫీసులో తెలుగు టైపుమిషను ఒక్కటే ఉండేది. దాని మీద ఉన్నవి తొంభై చిల్లర గుర్తులు. మన గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి లెక్కవేస్తే వేలకు పోతాయి. అందుకని మిషను చేసినవారు అక్షరాన్ని ముక్కలు చేశారు. గుడికొక మీట, కొమ్ముకొక మీట, వత్తుకొక మీట. కొన్ని మీటలు కొడితే క్యారేజీ కదిలేది కాదు. వాటిని డెడ్ కీ అనేవాళ్లం. ఏ అక్షరం కిందనైనా వత్తు ఒకే చోట పడేది. చూడటానికి ఇంపుగా లేకపోయినా పని జరిగేది.

1990లలో డీటీపీ సెంటర్లు వచ్చాయి. కాగితం మీద అక్షరాలు ముత్యాల్లా పడుతుంటే మురిసిపోయాం. లోపలి పద్ధతి మాత్రం టైపుమిషనుదే. ఆనాటి ఫాంటులో ఉన్నవి 256 గదులు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. కంప్యూటరు దృష్టిలో అవి ఇంగ్లీషు అక్షరాలే, పైన తెలుగు చొక్కా తొడిగారంతే. ఏ ముక్క ఏ గదిలో ఉండాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. ఫాంటు తీసేస్తే చొక్కా ఊడిపోయి ఇంగ్లీషు ముక్కలు బయటపడేవి. అంటే అక్కడ దాచింది పాఠాన్ని కాదు, రాతను.

మనం నష్టపోయింది ఇక్కడే. నేను సంఘంలో చేరిన కొత్తలో, 2009లో, సభ్యుల పేర్లు, ఊళ్లు, పీపీఓ నంబర్లు ఒక సెంటరులో టైపు చేయించి పుస్తకం వేశాం. ఫైలును సీడీలో దాచాం. 2016లో కొత్త పట్టిక వేద్దామని సీడీ తెరిస్తే పుటల నిండా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ఆ సెంటరు అప్పటికే మూతపడింది. ఏ ఫాంటు వాడారో చెప్పేవారు లేరు. ఆఫీసులో మిగిలిన ఒక్క పుస్తకానికి చెదలు పట్టి ఒక పుట సగం పోయింది. మొత్తం మళ్లీ టైపు చేయించాం. పోయిన పదకొండు పేర్లకు ఊరూరా ఫోన్లు చేస్తే తొమ్మిది తేలాయి. రెండు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.

అసలు తెర మీద అక్షరం ఎలా పడుతుంది? ఉత్తరాలు రాసే ప్రోగ్రామైనా, బ్యాంకు ప్రోగ్రామైనా అక్షరాలను తానుగా గీయదు. లోపలున్న మరో ప్రోగ్రాముకు ఆ పని అప్పజెబుతుంది. ఆ ఇద్దరి మధ్య ఉండే ఏర్పాటును ఏపీఐ అంటారు. మన భాషలో చెప్పాలంటే అది ట్రెజరీ కౌంటరు. ఏ ఫారం ఇవ్వాలి, అందులో ఏ గడులు నింపాలి, లోపలి నుంచి ఏం తిరిగి రావాలి అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. లోపల లెడ్జరు ఎలా రాస్తారో బయటివాడికి అక్కర్లేదు. కానీ ఫారమే తప్పుగా తయారైతే, లోపల ఎంత సమర్థుడు కూర్చున్నా బిల్లు పాసు కాదు.

మొదట్లో ఈ కౌంటరు ఇంగ్లీషు కోసం కట్టింది. ఏ అక్షరం, ఏ ఫాంటు, ఎంత సైజు, ఎక్కడ వేయాలి అని అడిగేది. ఒక అక్షరం వేసి, దాని వెడల్పు అంత పక్కకు జరిగి, తర్వాతిది వేసేది. ఒక గుర్తుకు ఒక బొమ్మ, ఒక వెడల్పు. ఇంగ్లీషుకు అది చాలు.

మన రెండు ఊళ్ల పేర్లతోనే ఈ పద్ధతిని పరీక్షించి చూద్దాం. 'కడప' అన్న మాటకు కంప్యూటరులో మూడు గుర్తులు, తెర మీదా మూడే అక్షరాలు. పాత కౌంటరులోనూ పని జరిగిపోతుంది. 'కర్నూలు' సంగతి వేరు. అక్కడ దాచే గుర్తులు ఏడు: క, ర, పొల్లు, న, కొమ్ముదీర్ఘం, ల, కొమ్ము. తెర మీద కనిపించే అక్షరాలు మూడే: క, ర్నూ, లు. న వచ్చి ర కింద వత్తుగా మారాలి. న తర్వాత చెప్పిన దీర్ఘం పైనున్న రకు తగలాలి. పొల్లు కనబడకుండా పోవాలి. ఒక్కొక్క గుర్తునే విడిగా ఇస్తే లోపలివాడికి ఇదంతా ఎలా తెలుస్తుంది? కాబట్టి మాట మొత్తాన్ని ఒకేసారి అందుకునేలా కౌంటరును మార్చి కట్టాల్సి వచ్చింది.

కొత్త కౌంటరులో మాటను తీసుకొని ముందు అక్షరాలుగా విడగొడతారు. తర్వాత ఫాంటులోనే రాసిపెట్టిన నియమాలు చూసి ఏ గుర్తులు కలిసి ఏ బొమ్మ అవుతాయో తేలుస్తారు. వత్తు ఎంత కిందికి, గుడి ఎంత పైకి అన్నది లెక్కగడతారు. చివరకు చుక్కలుగా మార్చి తెర మీద వేస్తారు. గీయడమొక్కటే కాదు, మరో మూడు ప్రశ్నలకు కూడా ఆ కౌంటరు జవాబివ్వాలి. ఈ మాట ఎంత వెడల్పు పడుతుంది? పంక్తి చాలకపోతే ఎక్కడ విరవవచ్చు? తెర మీద ఇక్కడ వేలు పెడితే ఏ అక్షరాన్ని తాకినట్టు? మూడో ప్రశ్నకు జవాబు సరిగా లేకపోతే ర్నూ మధ్యలో కర్సరు ఇరుక్కుంటుంది.

పాత అచ్చు పుస్తకాలు చదివినవారికి వలపలగిలక గుర్తుండే ఉంటుంది. కర్నూలు అని రాయడానికి నూ పక్కన తెలుగు తొమ్మిది అంకె లాంటి గుర్తు పెట్టేవారు. రాత మారింది, పాఠం మారలేదు. బ్రౌన్ పండితులకు తెలిసిన ఈ తేడాను కంప్యూటర్లవారు పద్ధతిగా పెట్టుకోవడానికి చాలా కాలం పట్టింది.

పాఠాన్ని దాచే లెక్క మన దేశంలోనే మొదలైంది. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరుసతో ఇస్కీ అనే కోడు 1980లలో రూపొందింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. అదే ఏడు ప్రపంచ లిపులకు ఉద్దేశించిన యూనికోడ్ తొలి కూర్పు వచ్చింది. ఇస్కీ వరుసనే తీసుకొని తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు కేటాయించారు. మన 'క' గది 3093. పక్కింటి కన్నడ 'క' గది సరిగ్గా 128 తర్వాత, 3221. రెండు లిపుల చుట్టరికం అంకెల్లో కూడా కనబడుతుంది.

గదులు కేటాయించినంత మాత్రాన అక్షరం తెర మీద పడదు కదా. ఫాంటులో నియమాలు రాసే ఓపెన్‌టైప్ పద్ధతిని 1996లో ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ 2000లో హిందీకి, తమిళానికి ఆ సదుపాయం వచ్చింది. తెలుగుకు 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అటు ఉచిత సాఫ్ట్‌వేర్ వారు 2002లో ప్యాంగో అనే కౌంటరును అందరికీ తెరిచారు. తర్వాత వచ్చిన హార్ఫ్‌బజ్ నేడు ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో మన తెలుగును కూర్చి పెడుతోంది. అమెరికాలోని తెలుగువారు తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన పేర్లతో ఫాంట్లు చేసి ఉచితంగా పంచారు. వేమన మనవాడే. పోతన ఒంటిమిట్టవాడని మనం, బమ్మెరవాడని ఓరుగల్లువారు వాదించుకుంటూనే ఉన్నాం. ఫాంటు మాత్రం ఇద్దరికీ ఉచితమే.

ఈ పని ఎంత నాజూకైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అక్షరంలో కంటికి కనబడని ఒక గుర్తు చేరిన సందేశం వస్తే ఐఫోన్లలోని ప్రోగ్రాములు కుప్పకూలాయి. మాట అందుకున్న కౌంటరు ఆ కూర్పును గీయలేక చేతులెత్తేసింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న దిద్దుబాటు విడుదల చేసింది. ఒక తెలుగు అక్షరం అంత ఖరీదైన ఫోన్లను ఆపిందని అప్పట్లో నవ్వుకున్నాం. తప్పు మన అక్షరానిది కాదు. ఇలాంటి కూర్పు కూడా రావచ్చునని కౌంటరు కట్టినవారు ముందుగా ఊహించకపోవడమే తప్పు. ఫారం తయారుచేసేవాడు అన్ని ఊళ్ల బిల్లులనూ తలచుకోవాలని మనకు సర్వీసు నేర్పిన పాఠం కూడా ఇదే.

చివరగా సభ్యులకు ఒక మనవి. ఇకమీదట తెలుగులో ఏ పట్టిక చేయించినా, ఏ వీలునామా, ఏ వంశవృక్షం టైపు చేయించినా యూనికోడ్‌లో చేయమని అడగండి. పరీక్ష చాలా సులువు. ఆ ఫైలులోని ఒక పంక్తిని తీసి మీ ఫోనులో సందేశంగా పంపమనండి. తెలుగుగా చదవగలిగితే దాచింది పాఠమే. గజిబిజి ఇంగ్లీషు కనిపిస్తే డబ్బు ఇవ్వకముందే తిరిగి చేయించుకోండి.

మరో మనవి. 2009 నాటి సభ్యుల పుస్తకం ఎవరి ఇంట్లోనైనా చెక్కుచెదరకుండా ఉంటే, దయచేసి 23వ పుట నకలు మన కార్యాలయానికి చేర్చండి. ఆ రెండు కుటుంబాలకు ఇప్పటిదాకా మనం ఏ కబురూ పంపలేకపోయాం.