జవాబు పాట, జనాదరణ పట్టిక: కిట్టీ వెల్స్ 1952 నాటి రికార్డు - ఒక పరిశీలన

అమెరికా కంట్రీ సంగీత చరిత్రలో ‘ఇట్ వాజంట్ గాడ్ హూ మేడ్ హాంకీ టాంక్ ఏంజెల్స్’ అనే సింగిల్ రికార్డుది ప్రత్యేక స్థానం. 1952 ఆగస్టులో అది బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పట్టికలో అగ్రస్థానానికి చేరి, 6 వారాలు నిలిచింది. ఏకగళంగా పాడిన ఒక గాయనికి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. ఈ విజయం దేనికి సాక్ష్యమో నిర్ధారించాలంటే పాటతోపాటు పట్టికను కూడా పరిశీలించవలసి ఉంటుంది.

ఇది జవాబు పాట. హ్యాంక్ థాంప్సన్ పాడిన ‘ది వైల్డ్ సైడ్ ఆఫ్ లైఫ్’ అదే సంవత్సరం 15 వారాలు అగ్రస్థానంలో ఉంది. తనను విడిచి మద్యశాలల జీవితాన్ని ఎంచుకున్న స్త్రీని అందులో పురుషుడు నిందిస్తాడు. జె.డి. మిల్లర్ రాసిన జవాబు ఆ నిందను తిప్పికొట్టి, స్త్రీల పతనానికి పురుషుల వంచనను బాధ్యురాలిని చేసింది. రెండింటి బాణీ ఒకటే కావడంతో శ్రోతలకు వాదప్రతివాదాల సంబంధం సులభంగా బోధపడింది. కిట్టీ వెల్స్ ఈ పాటను 1952 మే 3న నాష్‌విల్‌లో డెక్కా సంస్థకు రికార్డు చేశారు. అంతకుముందు ఆర్‌సీఏ విక్టర్‌కు ఆమె పాడిన పాటలు ఆదరణ పొందలేదు.

ఎన్‌బీసీ రేడియో ఈ పాట ప్రసారాన్ని నిషేధించింది. గ్రాండ్ ఓల్ ఆప్రీ కూడా మొదట్లో దీన్ని అనుమతించలేదు. అయినా పాట అగ్రస్థానానికి చేరడానికి నాటి లెక్కింపు పద్ధతి కొంతవరకు వివరణ ఇస్తుంది. ఆ కాలంలో బిల్‌బోర్డ్ రికార్డుల అమ్మకాలకు, జ్యూక్‌బాక్సులలో వినికిడికి, రేడియో ప్రసారాలకు వేర్వేరు పట్టికలు ప్రకటించేది. మొదటి రెండింటిలో ప్రసారకర్తల అభ్యంతరానికి నేరుగా స్థానం లేదు. దుకాణంలో డబ్బు చెల్లించినవారి, యంత్రంలో నాణెం వేసినవారి ఎంపికే అక్కడ నమోదైంది.

అయితే ఈ సాక్ష్యానికి పరిమితులున్నాయి. కొన్నవారిలో స్త్రీలెందరో పట్టిక చెప్పదు. కనుక దీన్ని కేవలం స్త్రీ శ్రోతల విజయంగా వ్యాఖ్యానించడం ఆధారాన్ని మించిన నిర్ధారణ అవుతుంది. ‘మొదటి గాయని’ అనే మాట కూడా పట్టిక వయసుకు లోబడినదే. బిల్‌బోర్డ్ కంట్రీ పట్టిక 1944లో మొదలైంది. ప్యాట్సీ మోంటానా 1935లో పాడిన ‘ఐ వాంట్ టు బి ఎ కౌబాయ్స్ స్వీట్‌హార్ట్’ అంతకుముందే విశేష ప్రజాదరణ పొందింది. 1949లో జిమ్మీ వేక్లీతో కలిసి మార్గరెట్ వైటింగ్ పాడిన ‘స్లిప్పింగ్ ఎరౌండ్’ అగ్రస్థానం పొందినా, అది యుగళగీతం.

1958 అక్టోబరులో అమ్మకాల, ప్రసారాల లెక్కలు ఒకే పట్టికలో విలీనమయ్యాయి. ప్రసారకర్తల తిరస్కారాన్ని, కొనుగోలుదారుల ఆమోదాన్ని పక్కపక్కన పోల్చి చూసే వీలు ఆ పట్టికలో తగ్గింది. కిట్టీ వెల్స్ రికార్డు ఆ రెండింటి మధ్య దూరం ఇంకా విడిగా నమోదవుతున్న దశకు చెందినది. చరిత్ర రచనకు దాని అగ్రస్థానం ఎంత ముఖ్యమో, ఆ స్థానాన్ని నిర్ణయించిన కొలమానమూ అంతే ముఖ్యం.