ఇంటిపేరు... ఎవరి ఇంటి పేరు?

విశాఖలో ‘తెన్నేటి’ అనగానే సముద్రం ఒడ్డున ఉన్న పార్కే ముందు గుర్తొస్తుంది. ఆ పార్కుకి పేరైన తెన్నేటి విశ్వనాథం (1895-1979) న్యాయవాది, స్వాతంత్ర్య సమరయోధుడు, 1953లో ప్రకాశం మంత్రివర్గంలో మంత్రి. 1966 నాటి విశాఖ ఉక్కు ఉద్యమ నాయకుల్లో ఒకరు. ఆ మరుసటి ఏడాదే విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచారు. సాహిత్యంలోకొస్తే తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ నవల రాశారు, డికెన్స్ నవలని ‘రెండు మహానగరాలు’గా తెలుగులోకి తెచ్చారు. ఇక మూడో పేరు తెన్నేటి హేమలత (1935-1997). పాఠకులకి ఆమె ‘లత’.

ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే ఇల్లు కానక్కర్లేదు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే. కృష్ణా జిల్లాలో తెన్నేరు ఉంది. ఏరు ‘ఏటి’ అయినట్టే తెన్నేరు ‘తెన్నేటి’ అవుతుంది. అంటే ‘తెన్నేరుకి చెందిన’ అని అర్థం. ఇంటిపేరులోనే ‘ఎవరికి చెందిన?’ అన్న ప్రశ్న దాగి ఉందన్నమాట!

మగవాడి విషయంలో దీనికి జవాబు పుట్టుకతో వస్తుంది, చివరిదాకా మారదు. మరి స్త్రీకి? లత పుట్టింటి పేరు నిభానుపూడి. తొమ్మిదేళ్ళ వయసులో పెళ్ళి చేశారు. ఆ పసిదాన్ని ఎవరూ అడక్కుండానే ఆమె తెన్నేటి అయింది. సరే, నిభానుపూడి మాత్రం ఎవరిది? తండ్రిది. తల్లి తన పుట్టింటి పేరుని అప్పటికే వదిలేసి వచ్చింది కదా! వెనక్కి ఎంత దూరం వెళ్ళినా మనకి తగిలేది ఒక తండ్రి ఇల్లే.

ఈ పరిస్థితిలో ‘లత’ అన్న రెండక్షరాల సంతకాన్ని కేవలం కలంపేరు అనుకోలేం. బడి చదువు పెద్దగా లేని ఆమె విజయవాడ ఆకాశవాణిలో అనౌన్సరుగా గొంతు వినిపించింది. ‘గాలిపడగలు నీటిబుడగలు’లో వేశ్యల బతుకుల గురించి రాసింది. రామాయణం విషయంలో ఆమెతో విభేదించిన రంగనాయకమ్మ కూడా తొలి రోజుల్లో ‘ముప్పాళ రంగనాయకమ్మ’గానే అచ్చయ్యారు, తర్వాత ఆ ఇంటిపేరుని వదిలేశారు. భావాల్లో ఎదురెదురుగా నిలబడిన ఈ ఇద్దరూ పాఠకుల దగ్గరికి ఒంటి పేరుతోనే వెళ్ళడం ఆలోచించదగ్గ విషయం.

ఇది రచయిత్రుల సమస్య మాత్రమే కాదు. గాజువాక పక్కన ఆటోనగర్లో షెడ్ల మీద బోర్డులు చూడండి. ఇంటిపేరు పక్కన ‘అండ్ సన్స్’ అని రాయడం మనకి ఎంత మామూలో! ‘అండ్ డాటర్స్’ అని ఉంటే ఆగి మళ్ళీ చదువుతాం. ఆస్తి ఎటు వెళ్తుందో ఇంటిపేరూ అటే వెళ్తుంది. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం హిందూ ఉమ్మడి కుటుంబంలో కూతురికి పుట్టుకతో వాటా ఇచ్చింది, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. బోర్డుల మీద రాతకి మాత్రం ఏ సవరణా రాలేదు.

మన సాహిత్య చరిత్రల చివర ఉండే అకారాది పట్టికలూ ఇదే పని చేస్తున్నాయి. లత కోసం ‘త’ దగ్గర వెతకాలి. తన పుస్తకాల మీద ఆమె పెట్టుకున్న పేరుని ‘ల’ దగ్గర చేర్చడానికి మనకి ఒక్క పంక్తి చాలు.