జ్వాలాపురం బూడిదపొర: టోబా విస్ఫోటనం, గతకాల వాతావరణం, మానవ చరిత్ర

వ్యాససంగ్రహం:
సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలై వెదజల్లిన బూడిద నేటి నంద్యాల జిల్లాలోని జుర్రేరు లోయలో పొరగా నిలిచి ఉంది. ఆ విస్ఫోటనం మానవజాతిని అంతరించే స్థితికి తెచ్చిందన్న సిద్ధాంతాన్ని పరీక్షించడంలో జ్వాలాపురం తవ్వకాలు కీలకమయ్యాయి. ఆ సిద్ధాంతం ఎలా పుట్టింది, దానిని జ్వాలాపురం ఎంతవరకు ప్రశ్నించింది, ఆ సాక్ష్యానికున్న పరిమితులేమిటి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టోబా, జ్వాలాపురం, జుర్రేరు లోయ, అగ్నిపర్వత శీతకాలం, మధ్య ప్రాచీన శిలాయుగం.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రదేశ చరిత్ర రచన సాధారణంగా శాసనాలతో, నాణేలతో, సాహిత్యాధారాలతో మొదలవుతుంది. లిపికి పూర్వమున్న కాలాన్ని ఒక చిన్న అధ్యాయంలో ముగించి శాతవాహనుల వద్దకు చేరుకోవడం పాఠ్యగ్రంథాలలో పరిపాటి. అయితే ఈ నేల మీద మనిషి గడిపిన కాలంలో అత్యధిక భాగం ఆ చిన్న అధ్యాయానికే చెందుతుంది. ఆ కాలానికి శాసనం లేదు. రాతి పనిముట్లు, మట్టిపొరలు, ఎముకలు, బూడిద మాత్రమే దానికి పత్రాలు. వాటిని చదవడానికి చరిత్రకారుడు భూవిజ్ఞాన శాస్త్రాన్ని ఆశ్రయించక తప్పదు.

ఈ విషయంలో కర్నూలు ప్రాంతానికి సుదీర్ఘమైన పరిశోధన చరిత్ర ఉంది. బేతంచెర్ల సమీపంలోని బిలస్వర్గం గుహలలో ప్రాచీన జంతువుల ఎముకలున్నట్లు 1844లో న్యూబోల్డ్ వెల్లడించాడు. నాలుగు దశాబ్దాల తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. సున్నపురాతి గుహలు, రాతిచరియల నీడలు, వాగుల ఒడ్డున పేరుకున్న మట్టి ఈ ప్రాంతాన్ని ప్రాచీన మానవుని అధ్యయనానికి అనువైన క్షేత్రంగా నిలిపాయి. బనగానపల్లె, యాగంటి పరిసరాలలోని జుర్రేరు లోయ అటువంటిదే. ఆ లోయలోని జ్వాలాపురం అనే గ్రామం 2007లో ప్రపంచ శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది.

2. టోబా: విస్ఫోటనం, దాని ఆనవాళ్లు

ఉత్తర సుమత్రాలోని టోబా సరస్సు సుమారు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు గల జలాశయం. చూడడానికి ప్రశాంతమైన సరస్సే అయినా, అది అగ్నిపర్వతం తన కింది శిలాద్రవాన్ని కక్కివేయగా పైకప్పు కుంగి ఏర్పడిన గహ్వరం. గత 12 లక్షల సంవత్సరాలలో అక్కడ నాలుగు పెద్ద విస్ఫోటనాలు జరిగాయి. వాటిలో కడపటిది, అన్నిటికన్నా పెద్దది 74,000 సంవత్సరాల నాటిది. ఘనశిలగా లెక్కిస్తే అప్పుడు వెలువడిన పదార్థం సుమారు 2,800 ఘన కిలోమీటర్లని అంచనా. గడచిన ఇరవై లక్షల సంవత్సరాలలో భూమి మీద దీనికి సాటి రాగల విస్ఫోటనం మరొకటి లేదు.

ఆ బూడిద గాలివాలున పడమరకు సాగింది. బంగాళాఖాతపు అడుగుమట్టిలో అది పొరగా ఉన్నట్లు 1970వ దశకంలో సముద్రగర్భ నమూనాల వల్ల తేలింది. మధ్యప్రదేశ్‌లోని సోన్ నదీలోయలో కనిపించిన బూడిదపొర కూడా టోబాకే చెందినదని 1980వ దశకంలో గుర్తించారు. ఆ తర్వాత ద్వీపకల్పంలోని అనేక నదీలోయలలో ఇటువంటి పొరలు బయటపడ్డాయి.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. టోబా పలుమార్లు బద్దలైనందున ఏ లోయలోని బూడిద ఏ విస్ఫోటనానికి చెందిందో నిర్ణయించాలి. మహారాష్ట్రలోని బోరి వద్ద లభించిన బూడిద చాలా పాతదని కొందరు వాదించారు. బూడిదలోని గాజురేణువుల రసాయన కూర్పును పోల్చి, భారతదేశంలో పరిశీలించిన నమూనాలన్నీ కడపటి విస్ఫోటనానివేనని వెస్ట్‌గేట్ బృందం 1998లో ప్రకటించింది. ఈ నిర్ధారణ వల్ల బూడిదపొరకు ఒక ప్రత్యేక ప్రయోజనం సిద్ధించింది. ఒకే కాలంలో, భూగర్భ కాలమానంలో చెప్పాలంటే ఒకే క్షణంలో, వేల కిలోమీటర్ల మేర పరచుకున్న పొర అది. దాని కిందనున్నది విస్ఫోటనానికి ముందుది; దాని పైనున్నది తర్వాతది. దూరదూరాన ఉన్న లోయల చరిత్రలను ఒకే తేదీకి ముడివేసే అవకాశం ఇలా కలిగింది.

3. మహావినాశ సిద్ధాంతం

అగ్నిపర్వతాలు వాయుమండలపు పైపొరలకు పంపే గంధక వాయువులు సూక్ష్మబిందువులుగా మారి సూర్యరశ్మిని అడ్డగిస్తాయి. ఇండోనేషియాలోనే 1815లో బద్దలైన తంబోరా కారణంగా మరుసటి సంవత్సరం ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలలో వేసవి కరవై పంటలు దెబ్బతిన్నాయి. తంబోరాతో పోల్చితే టోబా ఎన్నో రెట్లు పెద్దది. దీని ఆధారంగా రాంపినో, సెల్ఫ్ అనే శాస్త్రజ్ఞులు 1990వ దశకం ఆరంభంలో 'అగ్నిపర్వత శీతకాలం' అన్న భావనను టోబాకు అన్వయించారు. ఆ దశకంలోనే గ్రీన్‌లాండ్ మంచుపొరలలో అదే కాలానికి చెందిన గంధక శేషం హెచ్చుగా ఉన్నట్లు, దాని వెంట సుమారు వెయ్యేళ్ల శీతల దశ నడిచినట్లు వెల్లడైంది.

మరోవైపు జన్యుశాస్త్రజ్ఞులు నేటి మానవుల జన్యువైవిధ్యం తక్కువగా ఉండడాన్ని గమనించి, గతంలో ఒక దశలో మానవ జనాభా కొన్ని వేలకు కుదించుకుపోయి ఉండాలని భావించారు. ఈ రెండు పాయలనూ స్టాన్లీ ఆంబ్రోస్ 1998లో కలిపాడు. టోబా తెచ్చిన చలి, కరవు మానవజాతిని దాదాపు తుడిచిపెట్టాయనీ, మిగిలిన కొద్దిమంది సంతతే నేటి మానవాళి అనీ ఆయన సిద్ధాంతం.

ఇది బలమైన కథనం. కారణం ఒకటి, ఫలితం ఒకటి, నడుమ స్పష్టమైన తేదీ. ప్రజాదరణ పొందడానికి కావలసిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. కాని అది రెండు సంఘటనల కాలసామీప్యం మీద ఆధారపడిన వాదం. జన్యు లెక్కలలోని కాలపరిమితులు వేల సంవత్సరాల మేర అటూ ఇటూ జరగగలవు. టోబా ప్రభావం ప్రపంచమంతటా అంత తీవ్రంగా లేదని ఓపెన్‌హైమర్ 2002లో వాదించాడు. గ్రీన్‌లాండ్‌లోని శీతల దశకు టోబాయే కారణమన్న అభిప్రాయమూ తర్వాతి పరిశోధనలలో నిలవలేదు. వాతావరణ నమూనాల అంచనాలలో సైతం పొంతన లేదు. 2009లో ఒక బృందం ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 8 నుండి 17 డిగ్రీల వరకు పడిపోయి ఉండవచ్చని లెక్కించగా, మరుసటి సంవత్సరం మరొక బృందం గరిష్ఠ పతనం 3.5 డిగ్రీలేనని చూపింది. గంధక బిందువుల పరిమాణాన్ని ఎలా ఊహించుకోవాలన్న దాని మీదనే ఈ తేడా ప్రధానంగా ఆధారపడింది. అందువల్ల లెక్కలతో తేలని ప్రశ్నకు నేలలో సమాధానం వెదకవలసి వచ్చింది.

4. జ్వాలాపురం సాక్ష్యం

విస్ఫోటన కేంద్రానికి రెండున్నరవేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా జుర్రేరు లోయ బూడిద నేరుగా పడిన ప్రాంతం. ఆకాశం నుండి రాలిన బూడిద కొన్ని సెంటీమీటర్ల మందమే. చుట్టుపక్కల గుట్టల మీద పడినది వానలకు కొట్టుకువచ్చి పల్లంలో చేరడంతో కొన్నిచోట్ల పొర రెండు మీటర్లకు మించింది. ఈ తేడాను గమనించకపోతే పొర మందాన్ని బట్టి విపత్తు తీవ్రతను అతిగా అంచనా వేసే ప్రమాదం ఉంది.

మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్ ప్రభృతులు ఇక్కడ జరిపిన తవ్వకాల ఫలితాలు 2007లో 'సైన్స్' పత్రికలో వెలువడ్డాయి. బూడిదకు కిందా, పైనా రాతి పనిముట్లు లభించాయి. మట్టిరేణువులు చివరిసారిగా ఎండకు తగిలిన కాలాన్ని లెక్కగట్టే దీప్తి పద్ధతి ద్వారా కిందిపొర సుమారు 77,000 సంవత్సరాల నాటిదనీ, పైపొర సుమారు 74,000 సంవత్సరాల నాటిదనీ తేల్చారు. రెండు పొరలలోని పనిముట్లూ మధ్య ప్రాచీన శిలాయుగ సంప్రదాయానివే. బూడిద పడకముందు ఏ పద్ధతిలో రాయిని చెక్కారో, పడిన తర్వాత కూడా అదే పద్ధతిలో చెక్కారు. లోయలో మానవ సమూహాలు పూర్తిగా నశించి, ఎంతో కాలానికి వేరే జనం వచ్చి ఉంటే పనితనంలో ఇంతటి సామ్యం ఉండడం కష్టమని పరిశోధకుల తర్కం.

ఆఫ్రికాకు చెందిన మధ్య శిలాయుగ పనిముట్లతో వీటికి పోలికలున్నాయని చెప్పి, ఆధునిక మానవుడు టోబాకు ముందే భారతదేశానికి చేరి ఉండవచ్చని వారు ప్రతిపాదించారు. మొదటిది స్థానిక పొరల నుండి తేలిన విషయం. రెండవది పోలిక ద్వారా చేసిన ఊహ. ఈ రెండింటి బలం సమానం కాదు.

5. ప్రతివాదాలు, పరిమితులు

జ్వాలాపురంలో ఆ కాలపు మానవ అస్థికలు లభించలేదు. పనిముట్టు దానిని చేసిన చేతి జాతిని చెప్పదు. ఈ లోపాన్ని ఆధారం చేసుకొని పాల్ మెల్లార్స్ తదితరులు 2013లో గట్టి ఆక్షేపణ తెలిపారు. జన్యు ఆధారాలను బట్టి ఆధునిక మానవుడు ఆఫ్రికా నుండి భారతదేశానికి వచ్చింది 60,000 సంవత్సరాలకు ఇటీవలేననీ, సూక్ష్మశిలా పరికరాలే అతని రాకకు గుర్తులనీ, టోబా నాటి పనిముట్లు అంతకు పూర్వపు మరొక మానవజాతివి కావచ్చనీ వారి వాదం. ఆ లోయలోనే మరొక రాతిచరియ నీడలో సుమారు 35,000 సంవత్సరాల నాటి నుండి సూక్ష్మశిలా పరికరాలు లభించడం గమనించదగినది.

పర్యావరణ విషయంలోనూ భిన్నాభిప్రాయాలున్నాయి. బంగాళాఖాతపు అడుగుమట్టిలోని పరాగరేణువులను, మధ్యభారతపు మట్టిలోని కార్బన్ ఐసోటోపులను పరిశీలించిన మార్టిన్ విలియమ్స్ బృందం, టోబా తర్వాత అడవులు తగ్గి పచ్చికబయళ్లు విస్తరించాయని 2009లో తెలిపింది. అంటే వర్షపాతం తగ్గిందన్నమాట. జ్వాలాపురం ఫలితాలకు ఇది విరుద్ధం కానక్కరలేదు. అడవి పలచబడిన నేలలో మనిషి బ్రతకలేడని చెప్పడానికి వీలులేదు. విపత్తు జరగడం వేరు, విపత్తుకు మనిషి లొంగిపోవడం వేరు.

తర్వాతి పరిశోధనలు ఈ వివేచనను బలపరిచాయి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగున టోబా బూడిదను గుర్తించిన పరిశోధకులు, అక్కడ ఆ కాలంలో చెప్పుకోదగిన చలి కనిపించలేదని 2013లో ప్రకటించారు. దక్షిణాఫ్రికా తీరంలోని పినాకిల్ పాయింట్ వద్ద బూడిదపొర కంటికి కానరానంత సూక్ష్మమైనా, దాని పైనా కిందా జనావాసం కొనసాగిందని 2018లో తెలిసింది. సోన్ లోయలోని ధాబా వద్ద సుమారు 80,000 నుండి 65,000 సంవత్సరాల వరకు ఒకే పనిముట్ల సంప్రదాయం తెగిపోకుండా సాగిందని 2020లో క్లార్క్‌సన్ బృందం చూపింది. ఇథియోపియాలోని షిన్ఫా-మెటెమాలో ఎండాకాలం తీవ్రమైనప్పుడు జనం నీటిగుంటలలోని చేపల మీద ఎక్కువగా ఆధారపడ్డారని 2024లో వెల్లడైంది. ఈ స్థలాలన్నింటికీ ముందు ఆ ప్రశ్నను పొరల సాక్ష్యంతో పరీక్షకు పెట్టినది జుర్రేరు లోయ.

6. ఊరిపేరు గురించి

బూడిద దొరికిన ఊరికి జ్వాలాపురమన్న పేరుండడం ఎవరినైనా ఆకర్షిస్తుంది. ప్రాచీన అగ్నిప్రళయ స్మృతి ఈ పేరులో నిక్షిప్తమై ఉందని చెప్పాలన్న ఉబలాటమూ సహజమే. కాని నామవిజ్ఞానం దీనికి అంగీకరించదు. 'జ్వాల', 'పురం' రెండూ సంస్కృత పదాలు. ద్రావిడ భాషాకుటుంబపు వయస్సు సుమారు 4,500 సంవత్సరాలని 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. 74,000 సంవత్సరాల దూరాన్ని ఏ భాషలోని ఏ పదమూ దాటి రాలేదు. పైగా ఈ లోయలో పడినది నిప్పు కాదు, చల్లారిన బూడిద. పేరులోని పోలిక కేవలం యాదృచ్ఛికం. స్థలపురాణాల నుండి భౌగోళిక చరిత్రను రాబట్టే ప్రయత్నాలకు ఈ ఉదాహరణ ఒక హెచ్చరిక. కాలసామీప్యాన్ని కార్యకారణంగా పొరబడడం ఎటువంటిదో, పదసామ్యాన్ని స్మృతిగా పొరబడడమూ అటువంటిదే.

7. ముగింపు

జ్వాలాపురం సాక్ష్యం నుండి రూఢిగా చెప్పగలిగినవి రెండు. మొదటిది, టోబా బూడిద పడిన లోయలో అంతకు ముందూ, తర్వాతా పనిముట్లు చేసుకొనే జనం ఉన్నారు. రెండవది, వారి పనితనంలో విస్ఫోటనం వల్ల కలిగిన విచ్ఛేదం కనిపించదు. ఆ జనం ఆధునిక మానవులేనా, వారి సంతతి నేటివరకు కొనసాగిందా అన్నవి అస్థికలు లభిస్తేగాని తేలని ప్రశ్నలు.

ఆ ప్రశ్నలకు సమాధానం దొరకవలసిన చోటు మాత్రం అక్షయం కాదు. శుభ్రపరచే పొడుల తయారీకి పనికివచ్చే జ్వాలాపురం బూడిదను స్థానికంగా తవ్వి తరలిస్తూ వచ్చారు. ఆ తవ్వకాలే పొరను బయటపెట్టి పరిశోధకులకు దారి చూపాయి; ఆ తవ్వకాలే పొరను తరిగించాయి కూడా. అది పల్లె జనానికి కూలి ఇచ్చిన పని గనుక దానిని నేరంగా చూడడం తగదు. అయితే శిలాశాసనం పగిలితే దాని నకలైనా మిగలవచ్చు. బూడిదపొరకు నకలు లేదు. అది కదిలిన మరుక్షణం దానిలోని ముందువెనుకల వరుస చెరిగిపోతుంది. ఈ లోయలో తవ్వని భాగాన్ని కొంతైనా యథాతథంగా నిలుపుకోవడం శాసనాలను కాపాడుకోవడంతో సమానమైన చారిత్రక బాధ్యత. ఆంధ్రదేశ చరిత్ర తొలి అధ్యాయానికి ఇంతవరకు లభించిన మూలపత్రాలలో కచ్చితమైన తేదీ గల అరుదైన పత్రం అదే.