వీధి నడక, చిత్రకారుని చూపు

నడక వట్టి కాలక్షేపమని మనలో పలువురి తలంపు. చార్లెస్ డికెన్సు అటుల తలంపలేదు. నిదుర పట్టని రాత్రులలో లండను వీధులలో తెల్లవారువరకు నడచి, తాను చూచిన ఇల్లులేనివారిని 1860లో ‘నైట్ వాక్స్’ అను వ్యాసమున చిత్రించెను. నిద్రలేమియు ఆ నడకతోనే కుదిరినదట!

అంతదూరము పోనేల? నంగునూరుకు చేరువనున్న సిద్దిపేటలో 1925లో జన్మించిన కాపు రాజయ్యగారి చిత్రములు చూడుడు. బతుకమ్మ, బోనాలు, ఎల్లమ్మ జోగి: అన్నియు మన వాకిటి ముందు నడచిపోవునవే. నకాశీ పటముల రంగులను గైకొని, ఆ బ్రతుకునే వారు పటమునకెక్కించిరి. 2012లో కన్నుమూసిరి.

నంగునూరునుండి సిద్దిపేటకు బస్సులో పోవువానికి బోనపు కుండపై పసుపు క్షణకాలము మెరసి జారిపోవును. దిగి నడచినవానికి, ఆ కుండ నెత్తుకొన్న ఆడుబిడ్డ మెడ నిలుపు, అడుగు తూకము కానవచ్చును. రాజయ్యగారి రేఖలలో మాకు అగుపడునది ఆ తూకమే.