ప్లేగు సెలవులూ, న్యూటనూ, మన విద్యార్థులూ

2020 మార్చిలో మన విశ్వవిద్యాలయాలు మూతపడ్డప్పుడు విద్యార్థులకు పదే పదే వినిపించిన కథ ఒకటుంది. 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జి మూతపడితే న్యూటన్ పల్లెకు పోయి, గురువన్నవాడు లేకుండానే కలనగణితాన్నీ, కాంతి స్వభావాన్నీ, గురుత్వాకర్షణనూ తేల్చివేశాడట. తిరిగి తరగతులు తెరిచాక, ప్రతి చిన్న విషయానికీ అధ్యాపకుని ఆశ్రయిస్తున్న విద్యార్థిని మందలించడానికీ ఈ కథే పనికివచ్చింది. ఇందులో చరిత్ర పాలు ఎంతో చూడాలి.

న్యూటన్ 1661లో ట్రినిటీ కాలేజీలో చేరింది సంపన్న విద్యార్థులకు ఊడిగం చేసి చదువుకునే 'సైజరు'గా. ఆ హోదా నుంచి బయటపడింది 1664లో స్కాలరుగా ఎన్నికైనప్పుడే. డెకార్టు రేఖాగణితాన్నీ, వాలిస్ రచననూ ఆయన పట్టుబట్టి చదివింది ప్లేగుకు ముందే. లూకస్ నిధితో గణితానికి ఆచార్యపీఠం వెలసి, ఐజాక్ బారో ఉపన్యాసాలు ప్రారంభించిందీ 1664లోనే. 1665లో పట్టా పుచ్చుకున్న తరువాతనే న్యూటన్ ఊల్‌స్తోర్ప్ చేరాడు. అక్కడ తల్లికి భూములున్నాయి. కూలికి పోవలసిన అగత్యం లేదు.

ఆయన స్వయంకృషిని కాదనేవారెవరూ లేరు. కాని 1667లో ఆయన కేంబ్రిడ్జికి తిరిగి వచ్చాడన్న సంగతిని కథకులు దాటేస్తారు. అనంత శ్రేణుల మీద ఆయన రాసిన ప్రతిని 1669లో లండనులోని కాలిన్స్‌కు పంపినవాడు బారో. అదే ఏడు ఆయన పీఠం వదులుకోగా అది న్యూటన్‌కు దక్కింది. గురుత్వాకర్షణ సంగతంటారా, 'ప్రిన్సిపియా' వెలువడింది 1687లో! తోటలో పండు రాలినంత సులువుగా శాస్త్రం రాలదు.

ఇక మన విద్యార్థి. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం కంప్యూటరున్న గ్రామీణ కుటుంబాలు నూటికి 5 కూడా లేవు. ఇంటికంతా ఒక్క ఫోను; దానికోసం ముగ్గురు పిల్లల పోటీ. ఉపాధిహామీ పనికి పోయి పలుగు పట్టిన డిగ్రీ విద్యార్థులు ఎందరో. గ్రంథాలయం లేదు, హాస్టలు గదిలో సందేహం తీర్చే సీనియరు లేడు. ఇన్ని పోగొట్టుకుని వచ్చినవాడు గురువును పట్టుకు వేళ్ళాడితే దాన్ని సోమరితనమనడం అన్యాయం. పరీక్షకు జవాబులు చెప్పి రాయించమనడం వేరు. అర్థం కానిది అడగడం వేరు. మొదటిది మన పరీక్షా విధానం పెంచిన జబ్బు, కరోనా తెచ్చింది కాదు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. ఆధారపడదామన్నా అధ్యాపకుడేడీ? ఎన్నో ప్రభుత్వ కళాశాలల్లో ఖాళీలను ఏళ్ళ తరబడి నింపకుండా, గంటకింతని ఇచ్చి గెస్టు లెక్చరర్లతో నెట్టుకొస్తున్నారు. ఆ గంట కాగానే ఆయన మరో కాలేజీకి బస్సెక్కాలి. సందేహంతో వరండాలో నిలబడ్డ పిల్లవాడికి ఎవరూ జీతం లెక్క కట్టలేదు.